సూది కింద పెట్టిన ఇళ్ళు

పరిశోధన పద్ధతుల క్లాసంటే మా కాలేజీలో మధ్యాహ్నం కునుకుకు ఇంకో పేరు. నిజామాబాద్‌లో నేను సైకాలజీ చెప్పినన్నాళ్ళూ ఆ పేపరు నా నెత్తినే ఉంది. అందరూ వద్దన్న పేపరును కొత్తగా వచ్చినవాడికి అంటగడతారు, వాడు పాతబడ్డాక కూడా వాపసు తీసుకోరు. రిటైరయ్యాక ఫోన్లు చేసే పాత విద్యార్థులు ఇప్పుడు ధైర్యంగా అడుగుతున్నారు, "సార్, అదంతా ఎప్పుడన్నా పనికొచ్చిందా?" అని. ఒకసారి వచ్చింది. బాగా వచ్చింది. మీలో ఫోన్లు పట్టుకుని ఊళ్ళో సర్వేలు చేసేవాళ్ళుంటే కాస్త ఓపిక పట్టి వినండి.

నేను రిటైరవడానికి కొంచెం ముందు, బోధన్ నుంచి ఒక అమ్మాయి పీహెచ్‌డీ పనికి నా దగ్గరికి వచ్చింది. యూనివర్సిటీ వేరే ఊళ్ళో ఉంది, ఇక్కడి ఫీల్డు పని చూసే బాధ్యత మాత్రం నాది. దళితవాడలో, మెథడిస్టు చర్చి పక్కన వాళ్ళ ఇల్లు. తండ్రి చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బండ్ల దగ్గర పనిచేశాడు, అది మూతపడ్డాక వాచ్‌మన్ అయ్యాడు. తల్లి ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. పిల్ల చురుకైనది, మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఆ పట్టు చూసి ముచ్చటపడ్డవాళ్ళలో నేనొకణ్ణి, తర్వాత తల పట్టుకున్నవాణ్ణి కూడా నేనే.

ఆమె అడిగిన ప్రశ్న మంచిది. మతమూ కులమూ వేరైన మనిషి గుమ్మంలోకి వచ్చి చిన్న సాయం అడిగితే మనవాళ్ళు ఎంత దగ్గరికి వస్తారు, ఎంత దూరం జరుగుతారు? నోటితో అడిగితే దీనికి జవాబు రాదు. ఏ ఊళ్ళో అడిగినా "మా దాంట్ల గసుంటివేం లేవు, అందరం అన్నదమ్ముల లెక్క" అంటారు, పైగా చాయ్ కూడా పోస్తారు. కాబట్టి మాటలు వదిలేసి చేతలు చూద్దామన్నాం. ఇద్దరు ఆడపిల్లలు వర్ని, చందూర్ వైపు ఊళ్ళకు పోవాలి. ముందు తమ పేరూ వాడా చెప్పుకోవాలి, ఆ తర్వాత ఏదో చిన్న వస్తువు అడగాలి. ఎదురుగా ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డ ఇంకో విద్యార్థి ఒక్కటే గమనించాలి: ఆ వస్తువు చేతికి ఇచ్చారా, కింద పెట్టారా? చేతికివ్వడానికీ కింద పెట్టడానికీ మధ్య మన దేశంలో ఎంత చరిత్ర ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇద్దరిలో ఒకతె ఈ బోధన్ పిల్లే. రెండో ఆమె మెండోర వైపు పటేళ్ళ ఇంటి పిల్ల, పసుపు రైతు కూతురు, మా కాలేజీలోనే పీజీ చదివేది. సంచిలో ఎప్పుడూ మరమరాలుండేవి, నోట్లో ఎప్పుడూ మాటలుండేవి. చిన్న ఊళ్ళో ఇద్దరు కొత్త పిల్లలు ఒకే వస్తువు అడుగుతూ తిరిగితే మూడో ఇంటికి పోయేలోపు సంగతి నాలుగో ఇంటికి చేరుతుంది. అందుకని వస్తువులు వేరు చేశాం. మెండోర పిల్ల ఏదో రాసుకోవడానికి పెన్ను అడిగింది. బోధన్ పిల్ల తన బ్యాగు పట్టీ తెగిందని చూపించి సూదీ దారం అడిగింది. రెండూ ఇంట్లో ఉండేవే, వాపసు ఇచ్చేవే, ఖర్చు లేనివే. కాగితం మీద చూస్తే రెండూ సమానం.

ఫలితం చూసి మేము నోళ్ళు తెరిచాం. పెన్ను దాదాపు ప్రతి ఇంట్లో చేతికే వచ్చింది. సూది దాదాపు ప్రతి ఇంట్లో కిందే పడింది, అరుగు మీదో, గడప మీదో, బిందె మూత మీదో. ఒక్కరు కూడా కసురుకోలేదు. "కూసో బిడ్డా, ఎండల వచ్చినవ్" అన్నవాళ్ళే వంగి నేల మీద పెట్టారు.

లెక్కలు చూసే మా సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నోటి మర్యాద ఒకటి, చేతి మర్యాద ఇంకొకటి అని ఆయన ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాడు. ఆ పట్టిక చూసి కుర్చీలోంచి లేచాడు. "చూడుండ్రి సార్, నేనేం చెప్పిన? మాటల్ల తేనె, చేతుల్ల దూరం. గింత సాఫ్ ఫలితం నా సర్వీసుల చూడలె." ఆ సాయంత్రమే పెద్ద సెమినార్‌కు సారాంశం పంపించేశాడు. నేనూ వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ ఫలితం నేను క్లాసులో చెప్పే పాఠానికి కూడా సరిగ్గా సరిపోయింది. మనం ముందే నమ్మిన సంగతి ఋజువైతే మళ్ళీ తరచి చూడాలనిపించదు, చాయ్ తాగాలనిపిస్తుంది. మేము చాయ్ తాగాం.

ఆ పిల్ల మాత్రం తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. కొన్నాళ్ళకు కాలేజీకి రావడం తగ్గించింది, తర్వాత మానేసింది. ఫోన్ చేస్తే "జ్వరం సార్" అనేది. సంగతి ఏమిటో మెండోర పిల్ల వచ్చి చెబితే తెలిసింది.

చందూర్ దగ్గర ఒక ఊళ్ళో ఈమెకు చిన్ననాటి స్నేహితురాలి ఇల్లు ఉంది. పసుపు పండించే కుటుంబం. ఆ స్నేహితురాలి తల్లిని ఈమె పెద్దమ్మా అని పిలుస్తుంది. బడి సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయట, తలకు నూనె పెట్టింది ఆ పెద్దమ్మేనట. మా లెక్కలో ఆ ఇల్లు లేదు, తెలిసినవాళ్ళ ఇళ్ళకు పోకూడదని నియమం. అయితే ఆఖరి రోజు పని ముగిశాక దారిలోనే కదా అని ఈమె అక్కడికి పోయింది. ఊరూరా సూది ఇచ్చినవాళ్ళ ముందు రెండు పోగులు లాగి వచ్చేసేది కాబట్టి బ్యాగు పట్టీ ఇంకా వేలాడుతూనే ఉంది. పెద్దమ్మ చూసి "గదేందే, గట్ల తెగింది? ఇగో కుట్టుకో" అని సూది తెచ్చి చాప మీద పెట్టింది. ఈ పిల్ల ఆ సూదిని అలాగే వదిలేసి, బస్సు టైమైందని లేచి వచ్చేసింది. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా ఎత్తలేదు.

"ఊర్లోళ్ళు పెడితే ఎట్లనో ఓర్చుకున్నది సార్," అంది మెండోర పిల్ల. మొదటిసారి ఆమె నోట్లో మరమరాలు లేవు. "పెద్దమ్మ కూడ పెట్టేసరికి ఇగ ఆగలే. చిన్నప్పటి సంది గంతేనా నేను వాళ్ళకు అని ఒక్కటే ఏడుపు. ఇగ ఈ దిక్కే ఉండ, ఈడ నౌకరి చెయ్య అంటున్నది."

ఒక పట్టిక సెమినార్‌కు పోతే పోయింది, ఒక పిల్లకు తల్లిలాంటి మనిషి పోతే ఎట్లా?

మర్నాడు బోధన్ బస్సెక్కాను. ఏం చెప్పాలో తెలియదు, ఊరికే పోయాను. ఇంటి ముందు గదిలో తల్లి మిషన్ మీద కుడుతోంది. నన్ను చూసి హడావుడిగా కుర్చీ మీది బట్టలు తీసి కూచోబెట్టింది. కూతురు వచ్చి నిలబడింది, మొహం పీక్కుపోయి ఉంది. గోడకు తగిలించిన బ్యాగు పట్టీ ఇంకా తెగే ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "ఇంకా కుట్టుకోలేదామ్మా?" అన్నాను.

పిల్ల బ్యాగు తీసుకుని కూచుని "అమ్మా, సూది" అంది. తల్లి మిషన్ పక్క డబ్బాలోంచి సూది తీసి, దారం ఎక్కించి, వంగి బండ మీద పెట్టింది. పిల్ల తీసుకుంది. ఇద్దరిలో ఎవరూ ఏమీ గమనించలేదు.

నేను గమనించాను.

"అమ్మా, సూది బిడ్డ చేతికే ఇయ్యొచ్చు గదా?" అన్నాను.

"అయ్యో సార్, సూది చేతికిస్తరా?" అని ఆమె నవ్వింది. "కొట్లాటయితది అంటరు. ఇయ్యకుంటనే దీనికి నాకు దినాం అయితనే ఉంటది, ఇస్తే ఇంకేమన్న ఉన్నదా!"

మా ఇంట్లో మా అమ్మ అట్లాగే పెట్టేది. మా ఆవిడ ఇప్పటికీ అట్లాగే పెడుతుంది. సూదీ, ఉప్పూ, మిరపకాయలూ చేతి నుంచి చేతికి ఇవ్వరని ఈ జిల్లాలో పాలుతాగే పిల్లలు తప్ప అందరికీ తెలుసు. నాకు తెలుసు, లెక్కలాయనకు తెలుసు, ఆ ఇద్దరు పిల్లలకూ తెలుసు. అలవాటు ఎంత పాతదంటే అది అలవాటని మాకెవరికీ తట్టలేదు. బయటి ఊరివాడైతే మొదటి రోజే "ఇదేంటి?" అని అడిగి ఉండేవాడు. ఈ తప్పు చెయ్యాలంటే ఇక్కడే పుట్టి ఉండాలి.

నేను పిల్ల వైపు చూశాను. సూది గుచ్చబోయిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. నేను చెప్పకముందే ఆమెకు అర్థమైంది. అయితే నేననుకున్నట్టు మొహం వెలగలేదు.

"మా అమ్మ కొట్లాటకు భయపడి పెట్టింది సార్," అంది నెమ్మదిగా. "వాళ్ళు నన్ను చూసి పెట్టిండ్రేమో. చూసేటోళ్ళకు రెండూ ఒక్క తీరుగనే కనవడ్తయి గదా."

తత్వశాస్త్రంలో దీని మీద లావుపాటి పుస్తకాలున్నాయి. కంటికి కనిపించే సంగతి ఒకటే, వెనక కారణాలు రెండు, ఆ సంగతిని ఎంతసేపు చూసినా ఏది నిజమో అది చెప్పదు. నేను ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసి చెప్పినదాన్ని ఆ పిల్ల బండ మీద కూచుని తన గుండె మీద పెట్టుకుని చెప్పింది.

"మరి ఏది నిజమో ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"మార్చి అడగాలె. మెండోర పిల్ల సూది అడగాలె, నేను పెన్ను అడగాలె." అని తెగిన పట్టీని చేతిలో తిప్పింది. "పెన్ను కూడ నాకు కిందనే పెడితే సార్? ఇప్పుడైతే ఒక అనుమానమన్న ఉన్నది. అప్పుడు గది కూడ ఉండది."

నేను పెద్దమనిషి తరహాలో ఏదో ధైర్యం చెప్పబోయి మానేశాను. ఎందుకంటే నాకూ అదే భయం. ఈ జిల్లాలో అంటరానితనం లేదని చెప్పేంత అమాయకుణ్ణి కాను. మార్చి అడిగితే సూదికి తోడు పెన్ను కూడా నేల మీద పడే అవకాశం ఉంది. అప్పుడు ఈ పిల్లను ఆ గుమ్మాల ముందు రెండోసారి నిలబెట్టినవాణ్ణి నేనవుతాను.

"వద్దంటే వద్దు," అన్నాను. "ఉన్న ఫలితం వాపస్ తీసుకుంటం, అంతే."

ఆమె చాలాసేపు బ్యాగు కుట్టుకుంది. కుట్టడం పూర్తయ్యాక పళ్ళతో దారం తెంపి, "పోదాం సార్" అంది.

లెక్కలాయనతో పెద్ద యుద్ధమే అయింది. "పంపిచ్చినంక వాపస్ తీసుకునుడు ఏంది సార్? నా ఇజ్జత్ ఏం గావాలె? ఫలితం ఫలితమే," అని గోల చేశాడు. "మీ సిద్ధాంతం నిజమైతే మార్చి అడిగినా నిలబడ్తది గదా, భయమెందుకు?" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, అయినా సెమినార్ వాళ్ళకు ఆగమని మెయిల్ కొట్టాడు. కోపంలో కూడా న్యాయం తప్పని మనిషి. అందుకే ఆయనతో అన్నేళ్ళు చాయ్ తాగగలిగాను.

అంతకుముందు పోని ఊళ్ళను ఎంచుకున్నాం. గమనించే విద్యార్థిని కూడా మార్చాం. కొత్తగా వచ్చిన కుర్రవాడికి మేమేం ఆశపడుతున్నామో చెప్పలేదు, చెబితే వాడి కళ్ళు మా ఆశనే చూస్తాయి. నన్నూ లెక్కలాయన్నూ ఊళ్ళోకి రావద్దని పిల్లలిద్దరూ కలిసి ఆదేశించారు. మేము ఊరి బయట బస్టాండు షెడ్డులో కూచున్నాం.

పసుపు ఉడకబెట్టే రోజులవి. కళ్ళాల్లో కొమ్ములు ఆరబోసి ఉన్నాయి, గాలి నిండా ఆ వాసనే. లెక్కలాయన ఫోన్ తీస్తాడు, జేబులో పెడతాడు, మళ్ళీ తీస్తాడు. "ఒకవేళ పెన్ను కూడ కిందనే పెట్టిండ్రు అనుకోండ్రి," అన్నాడు ఉన్నట్టుండి. "నా సిద్ధాంతం గెలుస్తది. కని సార్, ఎందుకో ఈసారి గెలవొద్దు అనిపిస్తున్నది." ఆయన నోట్లోంచి ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

ముందు మెండోర పిల్ల వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. దూరం నుంచే అరుస్తోంది.

"సార్! నాకు కింద పెట్టిండ్రు సార్! అన్ని ఇండ్లల్ల కిందనే! నేను పటేల్ బిడ్డనని చెప్పిన, మా ఇంట్ల గింత పసుపు ఉన్నదని కూడ చెప్పిన. ఒక్కరన్న చేతికియ్యలే! నేనేం చేసిన సార్?"

లెక్కలాయన ముందు నవ్వాడు. తర్వాత నేను నవ్వాను. నవ్వు ఆగక షెడ్డు స్తంభం పట్టుకున్నాం. సంగతేమిటో తెలిసి కూడా ఆ పిల్లకు నిజంగానే రోషం వచ్చింది. ఎందుకో తెలిసినా కింద పెడితే గుచ్చుకుంటుందన్నమాట. ఇక ఎందుకో తెలియని పిల్ల ఊరూరా తిరిగి ఎంత మోసిందో అని అప్పుడు నాకు నవ్వు తగ్గింది.

బోధన్ పిల్ల ఇంకా రాలేదు. ఆ కాసేపు చాలా పొడుగ్గా అనిపించింది.

చివరికి మలుపులో కనబడింది. మామూలుగానే నడుస్తోంది. దగ్గరికి వచ్చాక చూస్తే చేతిలో ఎవరిదో పెన్ను ఉంది, వాపసు ఇవ్వడం మరిచిపోయింది.

"చేతికే ఇచ్చిండ్రు సార్," అంది. "ఒక తాత అయితే రాస్తదో లేదో అని తన అరచేతి మీద గీకి చూసి మరీ ఇచ్చిండు. ఒక అక్క చేతులకు పసుపుందని చీరకు తుడుచుకొని ఇచ్చింది."

"అందరూనా?" అన్నాడు లెక్కలాయన. ఆయన ఉద్యోగం అది, అడగక తప్పదు.

"అందరు కాదు సార్. కొన్ని ఇండ్లల్ల నా పేరు, వాడ చెప్పంగనే పెన్ను గడప మీద పెట్టిండ్రు. గవి గవే." ఆమె ఆ మాట దాచలేదు, మెత్తగా కూడా చెప్పలేదు. తర్వాత రెండు చేతుల్తో మొహం తుడుచుకుని నిలబడింది. "గా కొన్ని ఇండ్ల మీద నాకు కోపమే ఉన్నది సార్, ఉంటది కూడ. కని మిగిలినోళ్ళందరు నాకు వాపస్ దొరికిండ్రు."

నా గుండెల మీంచి కొండంత బరువు దిగింది. ఆ షెడ్డులో కూలబడి రుమాలు తీసి ఎండకు పట్టిన చెమట తుడుచుకుంటున్నట్టు నటించాను.

తర్వాత జరిగినవి చెప్పుకోవడానికి పెద్దగా లేవు. ఆ ఊళ్ళకు మళ్ళీ పోయి మేం చేసిన పనేమిటో చెప్పి వచ్చాం, తిట్టినవాళ్ళు తిట్టారు, నవ్వినవాళ్ళు నవ్వారు. పాత సారాంశం వెనక్కి తీసుకుని లెక్కలాయన కొత్తది రాశాడు. అందులో సూది సంగతీ ఉంది, పెన్నును గడప మీద పెట్టిన ఇళ్ళ సంగతీ ఉంది. మొదటిదాని కంటే అది చిన్నది, అంత గొప్పగా చప్పట్లు కూడా రాలేదు. ఆ పిల్ల థీసిస్‌లో ఆ అధ్యాయమే అన్నిటికంటే బాగుందని నా అభిప్రాయం, పరీక్షకులు ఒప్పుకోకపోయినా నాకు దిగులు లేదు. మొదటి పట్టికే అచ్చై ఉంటే ఈ పిల్ల మీదా, ఆ ఊళ్ళ మీదా ఒక అబద్ధం రుజువుతో సహా మిగిలి ఉండేది. నిజంగా దూరం పెట్టిన ఇళ్ళు కూడా ఆ గుంపులో కలిసిపోయి హాయిగా ఉండేవి. పద్ధతి పద్ధతి అని నేను క్లాసులో మొత్తుకున్నది ఇందుకే, పిల్లలూ. మీ ఫలితం మీకు మరీ నచ్చిన రోజున, అది తప్పని తేలే దారి ఒకటి వెతికి, భయపడుతూనే ఆ దారిన పోండి.

మార్చి అడిగిన ఆ రోజు వాపసు వస్తూ చందూర్ దాటాక ఆ పిల్ల ఆటో ఆపమంది. "నేను ఈడ దిగుత సార్, పెద్దమ్మ వాళ్ళింటికి పోయి వస్త," అంది. మేమెవరం తోడు వస్తామనలేదు. లెక్కలాయన ఏదో సలహా ఇవ్వబోతే నేను మోచేత్తో పొడిచాను. ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూశాను, పొలం గట్టు మీద వడివడిగా నడుస్తోంది, మొదట నడక, తర్వాత పరుగు.

నిజామాబాద్ చేరి ఇంట్లో కాళ్ళు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. అవతల పక్క నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు, వెనక ఎవరో ఆడమనిషి గట్టిగా తిడుతోంది, "గిన్ని దినాలు ఫోన్ ఎత్తవానే, నేను సచ్చిననుకున్నవా?" అని.

"సార్," అంది ఆ పిల్ల. "పెద్దమ్మ నన్ను కొట్టింది సార్. వీపు మీద. రెండు చేతులతోటి."

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎందరో వచ్చి ఎన్నో ఫలితాలు నాకు చదివి వినిపించారు. ఇంత మంచి ఫలితం ఇంకెవరూ చెప్పలేదు.